అందం సరే, మాట వినబడేదెలా?

మా పేటలోని ఇటాలియన్ రెస్టారెంట్‌కి కొత్త హంగులు దిద్ది మళ్ళీ తెరిచారు. వచ్చినవాళ్ళంతా "అబ్బ, ఎంత బాగుందో!" అంటూ ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

తివాచీలు పీకేశారు, పరదాలు తీసేశారు, మెత్తటి సోఫాల చోట చెక్క బల్లలు వేశారు. నేలంతా నున్నటి సిమెంటు, ఒక గోడ పొడవునా అద్దం. ఇలాంటి గట్టి ఉపరితలాలు శబ్దాన్ని పీల్చుకోవు, వెనక్కి కొడతాయి. పక్క టేబుల్ వాళ్ళు గొంతు పెంచితే మనమూ పెంచుతాం, మనల్ని చూసి వాళ్ళు ఇంకా పెంచుతారు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎత్యేన్ లోంబార్ 1911లోనే రాశాడు. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఈ రెస్టారెంట్‌లో మాత్రం అరిస్తే తప్ప ఎదుటి మనిషికి వినబడదు. చెవి మందగించిన పెద్దవాళ్ళు ప్లేటు వైపు చూస్తూ మౌనంగా తిని లేస్తున్నారు. వాళ్ళ గురించి ఒక్కరైనా ఆలోచించారా?

పైగా కట్టెల పొయ్యి తీసేశారు! ఇటలీలోని నేపుల్స్ పద్ధతిలో పిజ్జా 485 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. అంచు ఉబ్బి, అక్కడక్కడా నల్లమచ్చలు పడేది ఆ వేడికే. ఇప్పుడొచ్చేది ఎండిపోయిన రొట్టె. గుడ్డు, పెకొరీనో చీజ్‌తో చిక్కబడాల్సిన కార్బొనారా పాస్తాలో క్రీమ్ కుమ్మరిస్తున్నారు.

"కాలంతో పాటు మారాలి కదండీ" అంటున్నారు కొందరు. మారండి, వద్దనను. ముందు ఆ పైకప్పుకి శబ్దం పీల్చే పలకలు బిగించండి.