షోలవరం జ్ఞాపకం గారికి ఒక సభ్యుడి విన్నపం

మహారాజశ్రీ మద్రాసు దగ్గరి షోలవరం కార్ల పందేల జ్ఞాపకం గారి సముఖానికి,

నెల్లూరులో పాత కార్లు పెట్టుకుని తిప్పలు పడే ఒకానొక క్లబ్బు సభ్యుడు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడగను, ఆదివారం పొద్దున మీటింగుల్లో కళ్లారా చూస్తూనే ఉన్నాను. మా కార్లు ఏటికేడు నెమ్మదిస్తున్నాయి. మీరు మాత్రం ఏటికేడు స్పీడు పెంచుతున్నారు. ఈ ఉత్తరం ఆ స్పీడు గురించే.

మా మీటింగు సంగతి మీకు తెలియంది కాదు. ఏడింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకి చేరతాం. ఒకాయన కారు టోయింగ్ బండి మీద వచ్చి, పక్క సందులో దిగి, అక్కణ్ణించి దర్జాగా నడుచుకుంటూ వస్తుంది. మేమెవరం చూడనట్టే ఉంటాం, వచ్చే వారం ఆ సందు మాకూ అవసరం పడొచ్చు. ఇంకొకాయన పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టుకుని వస్తాడు. నెల్లూరు ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ట్రంకు రోడ్డు మధ్యలో ఆగిపోతుంది మరి. ఇది చాలదన్నట్టు ఇథనాల్ కలిపిన పెట్రోలొచ్చి పాత రబ్బరు పైపుల్ని తినేస్తోంది. ఇడ్లీ, వడ అయ్యాక స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు బానెట్ ఎత్తుతాం. బానెట్ అంటే మూత ఒక్కటే కాదు, మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా పైకి లేస్తుంది. లోపల చూడ్డానికి 948 సీసీ ఇంజను తప్ప ఏమీ లేదు. అయినా చుట్టూ మూగుతాం. ఎవరో ఒకరు గొంతు సవరించుకుని "షోలవరంలో..." అంటారు. ఇక మీరు దిగుతారు. ఇంట్లో వంట చల్లారిపోయినా మీరు లేవరు.

మీ పుట్టుక గొప్పదే, కాదనను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మద్రాసుకి ఉత్తరాన వేసిన విమానాల రన్‌వే, యుద్ధం అయ్యాక పడి ఉంటే దాని మీద కార్లు, మోటారు సైకిళ్లు పరిగెత్తించారు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టింది. శ్రీపెరుంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు కట్టుకునేదాకా షోలవరమే దక్షిణాది పందేలకి పుట్టిల్లు. పైగా మా నెల్లూరు ట్రంకు రోడ్డూ, షోలవరం పక్కన పోయే రోడ్డూ ఒకటే, ఆ గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డే. మద్రాసు బస్సెక్కినవాడు ఊళ్లోకి పోకుండా ముందే దిగి పందెం చూసుకోవచ్చు. మావాళ్లు చేసింది అదే. బస్సెక్కారు, దిగారు, ఎండలో నిలబడి చూశారు, మళ్లీ బస్సెక్కి వచ్చారు.

ఇక్కడే మీరు మీ చేతివాటం చూపించారు. క్లబ్బులో మేమంతా పెదనాయన అని పిలిచే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. నేను చేరిన కొత్తల్లో ఆయన తాడుకి ఇవతల నిలబడి చూశానని చెప్పేవాడు. కొన్నాళ్లకి తాడు పట్టుకున్నానన్నాడు. ఆ తర్వాత జెండా ఊపాడు, టైర్లు మార్చాడు. ఇప్పుడు స్టీరింగు ఆయన చేతికే వచ్చింది. ఇక విజయ్ మాల్యా ఆ రోజుల్లో షోలవరంలో రేసు కార్లు తోలిన మాట నిజం. కాబట్టి బ్యాంకులకన్నా ముందు మాల్యా వెంటపడింది మా క్లబ్బువాళ్లే అని మీ ఉవాచ. ఆయన 2016లోనే దేశం దాటిపోయాడు, పిలిచి సాక్ష్యం అడిగే దారి కూడా లేదు.

స్పీడు లెక్క ఇంకా ఘోరం. స్టాండర్డ్ హెరాల్డ్‌ని తొక్కగలిగినంత తొక్కితే గంటకి 70 మైళ్లు. పాత మీటర్లు మైళ్లలోనే చూపించేవి. దాన్ని మీరు కిలోమీటర్లలోకి మార్చి 112 అన్నారు, సరే. కొన్నేళ్లు పోయాక ఆ 112 మైళ్లేననుకుని మళ్లీ మార్చారు. ఇప్పుడు హెరాల్డ్ 180లో పోతోంది! కొత్త కుర్రాడొకడు ఫోనులో లెక్క తీసి నోరు తెరవబోతే "ఏంది అబ్బయ్యా, నువ్వు చూశావా?" అని పెదనాయన కసిరాడు. చూసినవాళ్లు తగ్గేకొద్దీ మీకు దన్ను పెరుగుతోంది.

కొరిశపాడు దగ్గర హైవేని విమానాలు దిగేలా తయారుచేసి, 2022 డిసెంబరులో వైమానిక దళం ట్రయల్ రన్ చేసిందని పేపర్లో పడింది. (ఆ ఏడు ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, అంతకుముందు మన ప్రకాశమే.) షోలవరంలో రన్‌వే రోడ్డయింది, ఇక్కడ రోడ్డు రన్‌వే అయింది. ఆ వార్త వచ్చిన వారమే మీ హెరాల్డ్ కూడా గాల్లోకి లేచింది. ఆ కారు వెనక చక్రాలు మలుపులో లోపలికి ముడుచుకునే రకం. ఒక చక్రం లేచిందంటే నమ్ముతాను. నాలుగూ లేచాయంటే మాత్రం ఎయిర్ ఫోర్సు వాళ్లకి చెప్పాల్సిన విషయం.

ఒంగోలు వైపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూడండి. ఇచ్చిన టైములో జత ఎంత దూరం లాగిందో టేపు పెట్టి కొలిచి, అడుగులు, అంగుళాలతో సహా మైకులో చెప్పేస్తారు. పదేళ్ల తర్వాత ఆ రైతు ఇంకో వెయ్యి అడుగులు కలుపుకుందామన్నా ఊరు ఒప్పుకోదు. మీకా టేపు బెడద లేదు.

పాత బండ్లకి 2021లో కేంద్రం కొత్త రూల్సు పెట్టింది. 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉండాలి, 20,000 కట్టాలి, అప్పుడు వీఏ అక్షరాలతో నంబరిస్తారు. మీకు వయసు సరిపోతుంది. రెండో షరతు దగ్గరే ఏ ఆర్టీవో అయినా మిమ్మల్ని వెనక్కి పంపుతాడు.

నాకు మీ మీద కోపం ఎందుకంటే, మీరు ఈ 180 కింద అసలు సరుకు దాచేస్తున్నారు. విదేశీ కారు తెప్పించుకోవడం దాదాపు కుదరని కాలం అది. వారమంతా ఆఫీసుకెళ్లిన ఫియట్టే పందెం రోజు వరుసలో నిలబడేది. స్టెప్నీ, వెనక సీటు, మ్యాట్లు పీకి ఒడ్డున పెట్టేవాళ్లు, పందెం అయ్యాక మళ్లీ బిగించుకుని అదే కారులో ఇంటికి. స్పేర్లు దొరక్కపోతే షెడ్డులో మెకానిక్కులు లేతు మీద తిప్పి చేసేవాళ్లు. పాత బండి విప్పి రేకులతో కొత్త ఒళ్లు కట్టేవాళ్లు. కోయంబత్తూరులో కరివర్ధన్ మారుతి ఇంజన్లతో రేసు కార్లు కట్టారు, అలాంటి కార్లలో చేయి తిరిగిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా పోయాడు. ఇవేవీ మీటింగులో రావు. బానెట్ చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒక్కరు కూడా కార్బొరేటర్ ఎవరు కడిగారో చెప్పరు, ఎందుకంటే ఆ పని చేశానని చెప్పుకోవాలని ఎవరికీ లేదు.

ఈ ఆదివారం మైపాడు బీచికి రైడ్ పెట్టుకున్నాం. మీరెలాగూ వస్తారు. రావద్దనను, మీరు లేకపోతే పెదనాయన కారే తీయడు. కాకపోతే పోయేటప్పుడు మాత్రం ఎక్కండి, వచ్చేటప్పుడు హెరాల్డ్ కచ్చితంగా ఆగుతుంది, అప్పుడు మీరూ దిగి ఓ చెయ్యి వేయాలి.

ఇట్లు,
బండి వెనక తోసే సభ్యుడు,
నెల్లూరు

తా.క.: మాల్యా గారిని దాటింది ఎన్నో ల్యాపులోనో ముందే ఒక మాట అనుకుని రండి. పోయిన నెల ఇద్దరు ఒకే ల్యాపు చెప్పి ఇడ్లీలు వదిలేసి పోట్లాడుకున్నారు.