పశ్చిమపు ప్రేమకథల్లో రెండో పెళ్లి: మనసు కంటే ముందు గడ్డికోత

మోంటానాలోనో వయోమింగ్‌లోనో అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరు, భార్య పోయాక ఎవరితోనూ మనసు విప్పని రాంచ్ (పశువుల పెంపక క్షేత్రం) యజమాని, పసిబిడ్డతో నగరం విడిచి వచ్చిన వితంతువు. అమెరికా పశ్చిమ ప్రాంతపు ప్రేమ నవలలకు ఈ సరంజామా ఎన్నటికీ పాతబడదు. వాటిలో దుఃఖం నెమ్మదిగా కరుగుతుంది, ప్రేమ అంతకంటే నెమ్మదిగా మొలకెత్తుతుంది, పెళ్లి ఆఖరి పుటలో జరుగుతుంది. ఆ నేల చరిత్రను చూస్తే వరుస చాలాసార్లు తలకిందులుగా కనిపిస్తుంది.

1909లో ఎలినోర్ ప్రూయిట్ రూపర్ట్ అనే స్త్రీ, డెన్వర్‌లో ఇళ్లలో పనిచేసుకునే బతుకు వదిలి, చిన్న కూతురిని వెంటబెట్టుకుని వయోమింగ్‌లోని బర్న్ట్‌ఫోర్క్‌కు వెళ్లింది. అక్కడ క్లైడ్ స్టూవర్ట్ అనే రాంచ్ యజమాని ఇంట్లో ఆమెకు ఇంటిపని కుదిరింది. అతడు భార్యను పోగొట్టుకున్నవాడు. అక్కడే నివసించి సాగు చేసేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండిన అవివాహితలు, వితంతువులు, విడాకులు పొందిన స్త్రీలు 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోగలిగేవారు. భర్త చాటున కాపురం చేసే భార్యకు మాత్రం సాధారణంగా ఆ వీలు ఉండేది కాదు. ఎలినోర్ అతడి పొలాన్ని ఆనుకుని ఉన్న భూమికే దరఖాస్తు పెట్టి, ఆ వెంటనే అతడినే పెళ్లాడింది.

ఆ పెళ్లి తీరు గమనించదగినది. ముస్తాబుకు తీరిక లేక, కట్టుకున్న ఏప్రన్ విప్పడం మరచి, చిరిగిన పాత జోళ్లతోనే ఆమె పెళ్లికూతురైంది. రాంచ్ పనులు ఆగవు గనుక ముందు పెళ్లి చేసుకుని సరసం తరువాత చూసుకోవలసి వచ్చిందని తన పాత యజమానురాలికి రాసిన ఉత్తరంలో చమత్కరించింది. గడ్డికోతకు మనుషులు దొరక్క క్లైడ్ ఊళ్లు తిరుగుతుంటే, చిన్ననాడు నేర్చిన విద్యను బయటపెట్టి కోత యంత్రాన్ని తానే నడిపిందట. నా దృష్టిలో ఏ నవలలోని తొలిముద్దు కంటే కూడా ఆ గడ్డి మోపులే ఆ ఇద్దరి సంబంధాన్ని బాగా చెబుతాయి.

ఆమె ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఆమె వితంతువు. నిజానికి మొదటి భర్త చనిపోలేదని, ఆమె విడాకులు తీసుకుందని తరువాతి పరిశోధకులు తేల్చారు. భూమి కథ కూడా పుస్తకంలో ఉన్నంత సాఫీగా సాగలేదు: భార్యాభర్తలు రెండు వేర్వేరు నివాసాలు చూపించడం చట్టానికి సమ్మతం కాదు కాబట్టి, 1912లో ఆమె తన హక్కు వదులుకోగా ఆ భూమి అత్తగారి పేరు మీదికి వెళ్లింది.

విడాకులను మరణంగా మార్చి చెప్పడాన్ని అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు. ఆనాటి పాఠకులు ఎవరి మీద జాలి చూపుతారో ఆమెకు తెలుసు. ఈనాటి ప్రేమ నవలలూ ఆ లెక్కనే అనుసరిస్తున్నాయి. వాటిలో మొదటి భాగస్వామి ఎక్కువగా ప్రమాదంలోనో జబ్బుతోనో పోతాడు, తాగి కొట్టి వెళ్లిపోవడం అరుదు. పోయినవారి మీద ఫిర్యాదు ఉండదు, అప్పు ఉండదు, కోర్టు వాయిదా ఉండదు. నష్టాన్ని ఇలా కడిగి శుభ్రం చేసి ఇవ్వడమే ఈ తరహా రచనల అసలు బలహీనత అని నా అభిప్రాయం.

ఆస్తి, చాకిరీ కథలోకి వచ్చినప్పుడు ఇవే నవలలకు ప్రాణం వస్తుంది. ఉదాహరణకు పశువుల తొడ మీద కాల్చి వేసే ముద్ర అక్కడ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఆస్తి. మోంటానాలో పదేళ్లకోసారి దాన్ని తిరిగి నమోదు చేయించుకోవాలి. పోయిన భర్త ముద్రనే దూడలకు వేస్తూ కొత్త మనిషితో కాపురం చేసే స్త్రీ పరిస్థితిలో, వర్షంలో ఆలింగనం కంటే ఎక్కువ కథ ఉంది. ఈనే కాలంలో రాత్రంతా పశువుల కొట్టంలో మేలుకునేవాళ్లకు రెండో మనిషి తోడు ఎందుకు కావాలో కవిత్వం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

తోడు వద్దనుకున్నవారూ ఆ నేల మీదే ఉన్నారు. 1924లో భర్త మరణించాక వయోమింగ్ గవర్నర్‌గా ఎన్నికై, 1925 జనవరిలో అమెరికాలోనే తొలి మహిళా గవర్నర్‌గా పదవి చేపట్టిన నెల్లీ టేలో రాస్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1933 నుంచి ఇరవయ్యేళ్లు దేశపు టంకశాలకు అధిపతిగా పనిచేసింది, నూరేళ్లు దాటి బతికింది. ఇటువంటి స్త్రీకి ఈ నవలల్లో ప్రధాన పాత్ర దక్కడం కష్టం. దక్కినా, ముగింపు లోపల పక్క రాంచ్ నుంచి ఎవరో ఒకరు గుర్రమెక్కి రాక తప్పదు.