జాబితా రాకముందే మద్దతా?

2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి మద్దతిస్తున్నట్లు లోక్‌సత్తా వ్యవస్థాపకులు జయప్రకాశ్ నారాయణ ప్రకటించారు. ఎవరిని బలపరచాలన్నది ఆయన ఇష్టం, దానితో మాకు పేచీ లేదు. మా అభ్యంతరమల్లా ఈ తొందరపాటుపైనే. పోలింగు జరిగింది మే 13న. నామినేషన్లు ఏప్రిల్ 18న గానీ మొదలుకాలేదు. ఆయన ప్రకటించేనాటికి కూటమి పక్షాల అభ్యర్థుల జాబితాలే పూర్తిగా వెలువడలేదు. బరిలో ఎవరుంటారో తేలకముందే వారి తరఫున ఓటర్లకు పూచీ పడటం ఏ రాజకీయ సంస్కరణ కిందికి వస్తుంది?

మరో పార్టీ అయితే ఈ ప్రశ్న వేసేవాళ్లమే కాదు. 1999 ఎన్నికల్లో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల పేర్లు బయటపెట్టి, జెండాను కాదు, మనిషిని చూసి ఓటేయమని తెలుగు ఓటరుకు చెప్పింది లోక్‌సత్తాయే. అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో వెల్లడించి తీరాలన్న 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు వెనుక ఉన్న పిటిషనర్లలో లోక్‌సత్తా ఒకటి. 2006 అక్టోబరు 2న అది పార్టీగా మారినప్పుడు, అంతవరకూ రాజకీయమంటేనే ముఖం తిప్పుకున్న డాక్టర్లు, ఇంజినీర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విశ్రాంత అధికారులు ఆ మాట నమ్మే వెంట నడిచారు. 2009లో దక్కింది కూకట్‌పల్లి అసెంబ్లీ స్థానం ఒక్కటే. 2014లో మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఓటమి. అయినా ఆ మధ్యతరగతి ఓటరు చిన్నబోలేదు, ఓడినా మాట మిగిలిందనుకున్నాడు.

రాష్ట్ర ఆర్థిక భవిష్యత్తు దృష్ట్యా ఈ నిర్ణయం తప్పలేదని సమర్థకుల వాదన. ఆ ఆందోళనలో నిజం లేకపోలేదు. కానీ ఖజానా బాగులేనప్పుడు అభ్యర్థి చరిత్ర చూడనక్కరలేదని లోక్‌సత్తాయే ఒప్పుకుంటే, రేపు ప్రతి పార్టీ తన నేరచరితులను అదే చాటున నిలబెడుతుంది. ఒకరికి అభివృద్ధి, ఇంకొకరికి సంక్షేమం, వేరొకరికి ప్రాంత గౌరవం, సాకులకు కరవేముంది? కూటమిని మొత్తంగా బలపరచడమంటే అందులోని ప్రతి అభ్యర్థినీ, అప్పటికి పేరు తెలియని వారితో సహా, బలపరచడమే. ప్రమాణపత్రాలు చూశాకే నియోజకవర్గాలవారీగా మా మాట చెబుతామంటే కూటమికి పోయేదేమీ లేదు, లోక్‌సత్తా పరువూ దక్కేది.

ఆ ప్రకటన తరవాతా గడువు దాటిపోలేదు. నామినేషన్ల ఘట్టం ముగిశాక ఆ ప్రమాణపత్రాలన్నీ చదివి, తాము మద్దతిచ్చిన కూటమిలోనే ఎవరికి ఓటేయరాదో పేరుపెట్టి ప్రకటించే వీలుండేది. అంత తెగువ లేకపోతే 1999 నాటి జాబితాల ఘనత గురించి వేదికలెక్కి చెప్పుకోవడం మానుకోవాలి.