కిండర్‌డైక్ గాలిమరలు పిండి విసరలేదు

కాలువ ఒడ్డున వరసగా నిలిచిన గాలిమరల ఫోటోతో ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. గాలిమరను కనిపెట్టింది డచ్చివారేననీ, ఫోటోలోని, నెదర్లాండ్స్‌లో ఉన్న కిండర్‌డైక్ మరలన్నీ ధాన్యం విసరడానికి కట్టినవేననీ, గాలి ఎటు మళ్ళితే అవి అటే తిరుగుతాయి గనుక మనిషి అక్కరలేదనీ దాని సారాంశం. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

సీస్తాన్‌లో, అంటే నేటి ఇరాన్–అఫ్గానిస్తాన్ సరిహద్దు ప్రాంతంలో, గాలికి మరలు తిరగడాన్ని మసూదీ, ఇస్తఖ్రీ అనే భూగోళ రచయితలు 10వ శతాబ్దిలోనే రాసిపెట్టారు. యూరప్‌లో రూఢిగా దొరికే తొలి ప్రస్తావనలు 1180ల నాటివి. అవీ ఫ్రాన్సులోని నార్మండీ, ఇంగ్లండులవే. సీస్తాన్ నాటి పాత పద్ధతి మరలు ఈశాన్య ఇరాన్‌లోని నాష్తీఫాన్‌లో నేటికీ ఉన్నాయి. తిరగలి ఎరిగినవారికి వాటి పనితీరు చిటికెలో అర్థమవుతుంది: పై రాయికి పిడి బదులు నిలువు ఇరుసు బిగించి, దాని చుట్టూ చెక్క రెక్కలు కట్టి, గాలి ఒక పక్క రెక్కలకే తగిలేలా మట్టిగోడలు లేపితే అదే నాష్తీఫాన్ మర. ఇరుసు ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టు తిరుగుతుంది, పళ్ళ చక్రాలతో పనిలేదు. ఏటా దాదాపు 120 రోజులు ఒకే దిక్కునుంచి గాలి వీచే చోటు కాబట్టి కదలని గోడలతో అక్కడ సరిపోయింది. యూరప్ మరలో ఇరుసు ఇంచుమించు అడ్డంగా ఉంటుంది, పళ్ళ చక్రాలు తప్పవు. ఇంత తేడా ఉండగా, క్రూసేడు యోధులు మరను పర్షియా నుంచి పట్టుకెళ్ళారన్న ఎదురు వాదాన్ని కూడా నేను ఒప్పుకోలేను; దానికీ గట్టి ఆధారం లేదు.

రెండో మాటకు జవాబు ఫోటోలోని కాలువే. కిండర్‌డైక్‌లోని 19 మరల్లో ఎక్కువ భాగం 1738–1740 ప్రాంతంలో, పల్లపు భూముల నీటిని ఎత్తిపోయడానికి కట్టినవి. ధాన్యం విసిరిన మరలు చూడాలంటే స్ఖీడమ్ అనే డచ్చి పట్టణానికి వెళ్ళాలి. అక్కడ జెనీవర్ అనే సారా తయారీకి ధాన్యం ఆడించిన మరలను, ఇళ్ళ కప్పుల పైన గాలి అందేందుకు 30 మీటర్లు దాటించి కట్టారు.

ఇక మనిషి సంగతి. డచ్చి మరలో గాలి దిక్కు మారినప్పుడల్లా వెనక వేలాడే తోకదూలాన్ని లాగి, రెక్కలున్న పైకప్పును గాలికెదురుగా తిప్పేది మర నడిపేవాడే. గాలి జోరును బట్టి రెక్కల మీద గుడ్డ పరిచేదీ, చుట్టేదీ అతడే. ఈ పనితనాన్నే 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లండులో 1745లో ఎడ్మండ్ లీ పేటెంటు పొందిన చిన్న తోకచక్రం, అంటే వెనకవైపు గాలికి తిరిగే రెక్కల చక్రం, పైకప్పును దానంతట అదే తిప్పిన మాట నిజమే. అయినా ధాన్యం విసిరే మరలో రాళ్ళ మధ్య ఎడం సరిచేయడానికి, పిండిని వేళ్ళతో నలిపి చూడడానికి మనిషి కావలసిందే. గింజ లేకుండా రాయి మీద రాయి తిరిగితే నిప్పురవ్వలు లేస్తాయి. మర లోపలి భాగాలు ఎక్కువగా చెక్కవే. అందుకే తొట్టిలో ధాన్యం అడుగంటగానే మోగేలా ఒక గంట కట్టుకునేవారు.