రిపేరు షెడ్డుకిద్దాం, రోగం మనం తేల్చుకుందాం

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో అయినా బెజవాడలో అయినా కార్ల వర్క్‌షాపుల్లో ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది సార్, నింపేద్దాం." రెండేళ్ల కిందట నేనూ ఆ మాటకు తలూపి, రెండు వేలకు పైగా కట్టి, చల్లగా ఇంటికొచ్చాను. నెల తిరక్కుండానే మళ్లీ వేడి గాలి. అదే షాపుకి వెళితే అదే మాట, అదే బిల్లు.

కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, వాటిని కలిపే పైపులు, అన్నీ కలిసి మూసేసిన ఒకే దారి. గ్యాస్ అందులోనే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కాస్త కాస్త తగ్గడం మామూలే గానీ, పోయిన నెల నింపింది ఈ నెల లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ తర్వాత నేను ఆటోనగర్‌లో ఒక ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను గ్యాస్ ఊసే ఎత్తలేదు. ముందు గ్రిల్ సందులోంచి టార్చి వేసి చూశాడు. కండెన్సర్ కింది మూలన జిడ్డు మరక, దానికి అంటుకున్న దుమ్ము. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట మరక పడుతుందని చెప్పాడు. ఆ మరక చూడటానికి పానాలు అక్కర్లేదు, టార్చి చాలు. నేను మొదటిసారే చూసి ఉండొచ్చు. చూడాలని తెలియదు, అంతే.

కారు రిపేరు సొంతంగా చేసుకోవాలా, డబ్బులిచ్చి చేయించుకోవాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ టార్చే గుర్తొస్తుంది. ఒక రిపేరులో రెండు పనులుంటాయి. ఏం పాడైందో కనిపెట్టడం ఒకటి, దాన్ని విప్పి మార్చడం రెండోది. మనవాళ్లు సొంత రిపేరు అనగానే రెండో దాని గురించే ఆలోచిస్తారు. మన దగ్గర డబ్బు పోయేది మాత్రం మొదటి దాని దగ్గర.

అమెరికాలో లెక్క వేరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు శనివారం పూట ఇంటి ముందు కారు జాకీ ఎక్కించి బ్రేక్ ప్యాడ్లు మార్చుకుంటున్న ఫొటోలు పెడుతుంటారు. ఇక్కడి పెద్దవాళ్లకు అది పిసినారితనంలా కనిపిస్తుంది. కానీ అక్కడ మెకానిక్ గంటకు వంద డాలర్లకు పైనే తీసుకోవడం మామూలు. నలభై, యాభై డాలర్ల ప్యాడ్లు వేయించుకుంటే బిల్లు రెండు మూడు వందలు దాటుతుంది. ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణంలో ఖరీదైన పనిముట్లు డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను చాలా చోట్ల ఊరికే తీసుకుంటారు. అంటే అక్కడ సొంత రిపేరు చుట్టూ ఒక ఏర్పాటు ఉంది. (అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ల బాధ వేరే, పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని చాలా చోట్ల లీజులోనే రాసి ఉంటుంది.)

అదే లెక్కను మన ఊళ్లో వేసి చూడండి. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి చిన్న కారుకు లేబర్ కొన్ని వందలే. అదే పని ఇంట్లో చేయాలంటే మంచి జాకీ, కారు బరువు మోసే స్టాండ్లు, సాకెట్ సెట్టు, బోల్టును ఎంత గట్టిగా బిగించాలో చూపించే టార్క్ రెంచ్ కావాలి. ఎంత చవగ్గా కొన్నా అయిదారు వేలు. ప్యాడ్లు మార్చే పని ఏ ముప్పై, నలభై వేల కిలోమీటర్లకో ఒకసారి వస్తుంది. కారు అమ్మేసే నాటికి కూడా ఆ పెట్టుబడి తిరిగి రాదు. పైగా ఆ పానాలు ఏ అటక మీద పెట్టామో అవసరమైన రోజున గుర్తుండదు.

ఆయిల్ మార్చుకోవడం సంగతీ అంతే. సెల్లార్‌లో కారు కింద పళ్లెం పెట్టగానే వాచ్‌మన్ వస్తాడు, వెనకాలే అసోసియేషన్ సెక్రటరీ వస్తాడు. అదీ దాటితే, మూడు నాలుగు లీటర్ల నల్ల నూనెను ఏం చేయాలి? వాడేసిన ఇంజిన్ ఆయిల్ మన చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని డ్రైనేజీలో పోసి "నేనే మార్చుకున్నా" అని చెప్పుకోవడం కంటే షెడ్డుకు ఇవ్వడమే నయం. ఇలాంటి పనుల్లో సొంత రిపేరు సరదా కోసమైతే సరే. ఆదా కోసమైతే మాత్రం ఇక్కడ లెక్క కుదరదు.

మరి బిల్లు ఎందుకు అంత లావుగా వస్తుంది? సర్వీసుకిచ్చినప్పుడు చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు తీసి చూడండి. థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్. వీటిలో కొన్ని ఎప్పుడో ఒకప్పుడు అవసరమే. కానీ కారుతో పాటు ఇచ్చిన ఓనర్ మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ పట్టిక ఉంటుంది, ఏ కిలోమీటర్ల దగ్గర ఏది మార్చాలో అందులో రాసి ఉంటుంది. సర్వీస్ అడ్వైజర్ చెప్పిన జాబితాను ఆ పట్టికతో పోల్చి చూస్తే చాలాసార్లు సగం పేర్లు అందులో కనిపించవు. చాలామంది ఆ పుస్తకం ప్లాస్టిక్ కవర్ కూడా విప్పరు.

ఇంకో ఉదాహరణ. మా పదకొండేళ్ల పెట్రోల్ కారు ఒకరోజు సిగ్నల్ దగ్గర వణకడం మొదలెట్టింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఒక వర్క్‌షాపులో నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లు (ప్లగ్గులకు కరెంటు అందించేవి), పెట్రోల్‌కు నిప్పు పెట్టే నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చాలి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు కడగాలి అని పద్నాలుగు వేలకు ఎస్టిమేట్ ఇచ్చారు. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత తయారైన చాలా కార్లలో ఓబీడీ-2 పోర్టు, అంటే కారు కంప్యూటర్ పట్టుకున్న లోపాల కోడ్‌లు చదివే సాకెట్టు, ఉంటుంది, సాధారణంగా స్టీరింగ్ కింద. దానికి తగిలించే బ్లూటూత్ పరికరం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని ఫోన్‌కి కలిపితే వచ్చిన కోడ్ పీ0303, అంటే మూడో సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదు. మిగతా మూడింటి గొడవే లేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కోడ్ ఫలానా చోట ఇబ్బంది ఉందని చెబుతుంది, ఫలానా పార్టు పాడైందని చెప్పదు. మూడో సిలిండర్‌లో కాయిల్ పోయి ఉండొచ్చు, ప్లగ్గు పోయి ఉండొచ్చు, ఇంజెక్టర్ పోయి ఉండొచ్చు. తేల్చుకోవడానికి పాత మెకానిక్కుల చిట్కా ఒకటుంది. ఇంజిన్ చల్లారాక మూడో కాయిల్ తీసి ఒకటో చోట, ఒకటోది మూడో చోట పెట్టాలి. కాయిల్‌కు ఒక 10 నంబరు బోల్టు, ఒక కనెక్టర్, అంతే. కోడ్ చెరిపేసి బండి నడిపితే ఈసారి పీ0301 వచ్చింది. రోగం కాయిల్ వెంటే నడిచొచ్చింది. ఒక్క కాయిల్ మార్చాను, ఖర్చు రెండు వేల లోపు. కోడ్ మూడు దగ్గరే ఉండిపోయి ఉంటే కాయిల్ నిర్దోషి, తర్వాత ప్లగ్గు వంతు వచ్చేది.

అలాగని రోజుల తరబడి ప్రయోగాలు చేస్తూ కూర్చోకూడదు. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే, మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. అప్పుడు పోయేది కాయిల్ ఖరీదు కాదు. లైటు అలా కొట్టుకుంటుంటే బండి పక్కన ఆపడమే పని.

రిపేరు అసలు రిపేరే కాని సందర్భాలు కూడా ఉంటాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో నడిపితే, పట్టిన మసి కాలిపోయేంత వేడి దానికి అందదు. డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. మాన్యువల్ చదివినవాళ్లు కారు తీసుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఓ ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపి వస్తారు. చాలాసార్లు లైటు ఆరిపోతుంది. చదవనివాళ్లు టెన్షన్ పడి వర్క్‌షాపుకి వెళితే, అదే పనిని అక్కడ కంప్యూటర్ తగిలించి చేసి బిల్లు ఇస్తారు. ఆలస్యం చేసి, ఇంజిన్ పికప్ తగ్గేదాకా తెచ్చుకుంటే మాత్రం రోడ్డు వైద్యం పనిచేయదు.

చేత్తో చేసుకోదగ్గవి లేవా అంటే ఉన్నాయి. చాలా కార్లలో క్యాబిన్ ఫిల్టర్ గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది, పది నిమిషాల పని. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫ్యూజులు కూడా అంతే. బ్యాటరీ అయితే విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఈ చిన్న పనులతో మిగిలే డబ్బు కొన్ని వందలే. వాటి అసలు లాభం వేరే. బానెట్ ఎత్తడం అలవాటైనవాడికి కూలెంట్ మట్టం తగ్గితే కనిపిస్తుంది, బెల్టు పగిలితే కనిపిస్తుంది. రేపు సర్వీస్ అడ్వైజర్ ఏదైనా చెప్పినప్పుడు "చూపించండి" అని అడిగే ధైర్యం వస్తుంది.

ముట్టుకోకూడనివి కూడా స్పష్టంగా చెప్పాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద దూరకూడదు, ఎంత చిన్న పని అయినా. ఎయిర్‌బ్యాగ్ వైర్లు పసుపు రంగు కనెక్టర్లతో ఉంటాయి, వాటి జోలికి పోకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి. సస్పెన్షన్ స్ప్రింగులు నొక్కి పట్టడం, పెట్రోల్ లైను విప్పడం ఇంట్లో చేసే పనులు కావు. బ్రేకుల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు: మొదటిసారి ఎవరూ ఒంటరిగా చేయకూడదు. ప్యాడ్లు మార్చాక పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కకుండా బండి కదిపితే, మొదటి తొక్కుడుకు పెడల్ నేల దాకా పోతుంది, బ్రేక్ పడదు. ఎదురుగా గోడ ఉందో మనిషి ఉన్నాడో అది మన అదృష్టం. వారంటీలో ఉన్న కారైతే ఈ చర్చే వద్దు, కంపెనీ సర్వీసుకే వెళ్లాలి. ముఖ్యంగా వైర్లు కోసి లైట్లు, హారన్లు బిగించుకున్నాక వారంటీ అడిగితే వాళ్లకు కాదనడానికి మనమే కారణం ఇచ్చినట్టు.

ఇక విడిభాగాల సంగతి. బయటి మెకానిక్‌కు కంపెనీ పార్టులు, రిపేరు సమాచారం అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో, వ్యాపారాల మధ్య పోటీని కాపాడే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' (రిపేరు హక్కు) పేరుతో కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది, అందులో కార్లూ ఉన్నాయి. కానీ పోర్టల్‌లో కస్టమర్ కేర్ నంబర్లు ఎన్ని పెట్టినా, అమెరికాలో మసాచుసెట్స్ 2012లో చేసినట్టు కంపెనీలు బయటి షెడ్లకు డయాగ్నస్టిక్ సమాచారం ఇచ్చి తీరాలన్న చట్టం మనకు లేదు. కారులో కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఈ లోటు మనకంటే ఎక్కువగా తగిలేది ఆటోనగర్ మెకానిక్కులకే. టార్చితో, వేలి కొసతో రోగం పట్టే ఆ మనిషి చేతికి స్కానర్ పాస్‌వర్డ్ అందకపోతే, "మొత్తం సెట్టు మార్చేద్దాం సార్" అనే షాపు ఒక్కటే మనకు మిగులుతుంది.

మా కండెన్సర్ మార్చిన రోజు ఆ ఆటోనగర్ మెకానిక్ పాతది నా చేతిలోనే పెట్టాడు. లీకు చోటు గోటితో గీసి చూపించి, "ఇది ఇంటికి తీసుకుపోండి సార్, స్క్రాప్ వాడికి వేస్తే అల్యూమినియం డబ్బులొస్తాయి" అన్నాడు. వచ్చే నెల బ్రేక్ ఆయిల్ మార్చే గడువు ఉంది. పని అతనికే ఇస్తాను, డబ్బా సీలు తీసేటప్పుడు మాత్రం పక్కనే నిలబడతాను.