కుందేటి కొమ్ము గజం ఎంత?

లేని జంతువులకున్న పరపతి ఉన్న జంతువులకు లేదు. బెజవాడ వన్‌టౌన్‌లో రోడ్డుకు అడ్డంగా పడుకున్న ఆవును హారన్ కొట్టి లేపుతాం. క్యాలెండర్లో కామధేనువు కనిపిస్తే అగరొత్తి వెలిగిస్తాం. ఈ అన్యాయాన్ని సరిచేయమని నేను అడగడం లేదు. లేని జంతువుల మీద ఇంతమంది బతుకుతున్నారు కాబట్టి వాటికో ప్రభుత్వ శాఖ, దానికో మంత్రి ఉండాలన్నదే నా డిమాండు.

ముందు శాస్త్రం చూద్దాం. బొత్తిగా లేనిదానికి ఉదాహరణ కావలసినప్పుడల్లా మన తార్కికులు కుందేటి కొమ్మును పట్టుకొచ్చారు. గొడ్రాలి కొడుకు, ఆకాశంలో పువ్వు దానికి తోబుట్టువులు. గ్రీసులో అరిస్టాటిల్ కుందేలు జోలికి పోకుండా మేకనూ జింకనూ కలిపిన జంతువును ముందుపెట్టాడు. ఆ పేరుకు అర్థమైతే ఉంది గానీ, పక్కన 'ఉంది' అనో 'లేదు' అనో చేర్చేదాకా అది నిజమూ కాదు, అబద్ధమూ కాదన్నాడు. ఆయన్ని పూర్తిగా ఒంటబట్టించుకున్నవాళ్లు గుంటూరు, విజయవాడ మధ్య వెంచర్లు వేస్తున్నారు. ఏ బ్రోచర్ తీసినా క్లబ్‌హౌస్ ఉందని రాయరు, లేదనీ రాయరు. 'రాబోయే' క్లబ్‌హౌస్, 'ప్రతిపాదిత' స్టేషన్‌కు అయిదు నిమిషాలు. అందుకే మా దగ్గర కుందేటి కొమ్ముకూ గజాల్లో రేటుంది, ఈఎంఐ సౌకర్యమూ ఉంది.

ఈ వ్యాపారం మనం కనిపెట్టిందేం కాదు. నార్వాల్ అనే సముద్రజీవి దంతాన్ని ఒంటికొమ్ము గుర్రం కొమ్మని, విషానికి విరుగుడని చెప్పి యూరప్‌లో రాజులకే అంటగట్టారు. డెన్మార్క్ రాజులు వాటితో ఏకంగా సింహాసనమే చేయించుకున్నారు. మన మిర్చి యార్డులో అయితే టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, తాలెంతుందో తేమెంతుందో చూడందే ఎవరూ రేటు చెప్పరు. రాజులు గుంటూరులో పుట్టకపోవడం వాళ్ల దురదృష్టం.

ఇక చరిత్ర. హిరణ్యకశిపుడి వరం వింటే పక్కన గట్టి ప్లీడరే ఉన్నాడనిపిస్తుంది. మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు, పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయటా కాదు. ఆ ప్లీడరు వదిలేసిన సందులోంచి వచ్చినవాడు నరసింహుడు. తర్వాత ఆయన ఉగ్రం చల్లార్చడానికి శివుడు ఎనిమిది కాళ్ల శరభం రూపమెత్తాడని శైవులు రాసుకున్నారు. వైష్ణవులు ఊరుకుంటారా? ఆ శరభాన్ని పట్టడానికి రెండు తలల గండభేరుండాన్ని దింపారు. ఆ పక్షి విజయనగరంలో అచ్యుతరాయల నాణేలెక్కింది, మైసూరు ఒడయార్ల చిహ్నమైంది, ఇవాళ కర్ణాటక ప్రభుత్వ ముద్రలో కూర్చుంది. జవాబు దొరకనివాడు జంతువుకు ఇంకో తల తగిలిస్తాడన్న సూత్రం ఇందులోంచే పుట్టింది (పుట్టించింది నేనే).

సూత్రానికి రుజువు కావాలంటే బెంజి సర్కిల్‌కు రండి. ఒక వర్గం పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి వెనక సింహాన్ని నిలబెట్టింది. తెల్లారేసరికి ఎదుటి వర్గం తమ నాయకుడి తలను సింహం ఒంటికే అతికించింది. మూడో వర్గం రెక్కలు కూడా కావాలంది.

"కాళ్లెన్ని పెట్టమంటావన్నా?" అని అడిగాడు డిజైన్ చేసే కుర్రాడు.

"వాళ్లకెన్ని ఉన్నాయి?"

"నాలుగు."

"అయితే ఎనిమిది పెట్టు."

శైవులకు ఎన్ని తరాలు పట్టిందో గానీ, ఇక్కడ శరభం గంటలో ప్రింటైపోయింది.

కొత్త శాఖకు చిహ్నం ఒకటి తేల్చాలి. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంసను పెడదామంటే పాలవాళ్లు ధర్నా చేస్తారు. అమరావతి స్తూపం మీది మకరం నాకు నచ్చింది. ఏనుగు తొండం, మొసలి దవడ, చేప తోక, ఒక్కో శాఖ ఒక్కో అవయవం మంజూరు చేసినట్టుంటుంది. కాకపోతే ఆ శిల్పాలు చాలావరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి, ఎన్‌వోసీ తెచ్చేసరికి ప్రభుత్వం మారుతుంది. మిగిలింది మంగళగిరి కొండ మీది పానకాల నరసింహస్వామి. ఎంత పానకం పోసినా సగమే తాగి మిగతా సగం భక్తుడికి వదిలేస్తాడని ప్రతీతి. ఈ ప్రతిపాదనకు మాత్రం కాబోయే సిబ్బంది ముందే అభ్యంతరం చెప్పారు. తీసుకున్నదాంట్లో సగం తిరిగిచ్చే ఆచారం ఆఫీసుల్లోకి వస్తే, జనం రేపు మిగతా సగం సంగతీ అడుగుతారట.