నూకలు లెక్కపెట్టే కెమెరా దొరగారికి

శ్రీకాకుళం జిల్లా, నాగావళి పక్క ఊరి నుంచి ఒక రైతు దండాలు.

భూమ్మీద ఎవరికెన్ని నూకలున్నాయో పైవాడికే తెలుసంటారు. తమకీ తెలుసని మొన్న మిల్లులో చూశాక నమ్మాను. (ఏ మిల్లో చెప్పను. వచ్చే ఏడూ అక్కడికే వెళ్లాలి.)

మా నాన్న రోజుల్లో షావుకారు ఒక గింజ నోట్లో వేసుకుని పటుక్కున కొరికి మొహం చిట్లించేవాడు. ఆ చిట్లింపే రేటు. తమరు అలా కాదు. పక్కనున్న చిన్న మరలో నా ధాన్యం ఆడించి, ఆ బియ్యం నల్ల పళ్లెంలో పరిస్తే, ఫొటో తీసి గింజగింజకీ పొడుగూ వెడల్పూ కొలుస్తారు. నిండు గింజలో ముప్పాతికకి తగ్గితే నూక. సున్నం పూసినట్టుంటే పొట్ట తెలుపు. రంగు మారితే అదో ఖాతా. నిమిషంలో చీటీ! రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లిచ్చిన వరి రకం ఆర్‌జీఎల్ 2537, అదే మా శ్రీకాకుళం సన్నాలు, దానికి 31 శాతం నూక అని కొట్టారు.

ఒకటి మాత్రం భలే నచ్చింది. రెండు నూకలు ఆనుకుని పడితే తమరు ఒకే నిండు గింజ అనుకున్నారు. అక్కడి కుర్రాడు పళ్లెం తట్టి విడదీశాడు. మా ఆవిడ విని, "కాస్త గంజి చల్లకపోయారా" అంది.

కోపమెందుకంటే, విరిగిందన్నారు గానీ ఎవరు విరిచారో చెప్పలేదు. కూలీలు దొరక్క కోత ఆలస్యమైంది, నా తప్పే. పగలు రోడ్డు మీద ఎండ, రాత్రి మార్గశిర మంచు; ఎండిన గింజ మళ్లీ చెమ్మ పీలిస్తే లోపల పగులుతుంది. అదీ నా ఖాతాలోనే రాసుకోండి. మరి ఆ మర రబ్బరు రోలర్లు మరీ బిగించి నలిపితే? తెల్లగా రావాలని పాలిష్ ఎక్కువ పట్టిస్తే? ఆ ముక్కలూ నా పేరు మీదే పడ్డాయి.

ఇంకో మాట. ఆ గుప్పెడు ఏ బస్తా ఏ మూల నుంచి తీశారో తమ ఫొటోలో కనపడదు. అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, నిజమే, గరిటెతో బాగా కలిపాక.

ఇంత కొలిచీ చివరికి కోసిన తరుగు, షావుకారు కొరికి కోసినంతే!

పోనీండి. నూకలని డబ్బు కోశారు కదా, ఆ నూకలైనా నాకిచ్చేయమని చెప్పండి. సంచి తెచ్చుకుంటాను. మా ఆవిడ జావ కాస్తుంది.